శిబిరంలో కుదిరిన ధ్యానం ఇంటి గోలలో ఎందుకు నిలవదు?

రాత్రిబండి
పది రోజుల విపశ్యన (ఒంట్లో తెలిసేదాన్ని గమనించే బౌద్ధ ధ్యానం) శిబిరం ముగిసేటప్పుడు చెప్పే లెక్క తెలిసిందే: పొద్దున గంట, సాయంత్రం గంట. అక్కడ రోజుకు పది గంటలు కూర్చున్న మనిషే ఇంటికొచ్చాక ఇరవై నిమిషాలు కూర్చోలేకపోతున్నాడు. కుక్కర్ విజిళ్లు, ఆఫీసు మెసేజీలు, పెద్దవాళ్ల మందులు, అన్నదమ్ముల వాటాల పంచాయితీ. అన్నీ సర్దుకున్నాక కూర్చుందామంటే అవి సర్దుకునేవి కావు.

మూడు విషయాలు తేలాలి. మనసు కలతగా ఉన్నప్పుడు కూర్చోవాలా, తేరుకున్నాక కూర్చోవాలా? ఒకే మనిషి మీద కోపం, ప్రేమ, తప్పు చేశామన్న బాధ అన్నీ ఒకేసారి ఉంటే దేన్ని పట్టుకోవాలి? మూడోది మోకాళ్లు.

అనుభవ కథలు ఈ వేదికలో ఇప్పటికే బోలెడున్నాయి. దయచేసి పద్ధతి చెప్పండి.

తాబేలు
మొదటిదానికి జవాబు: కలతగా ఉన్నప్పుడే కూర్చోవాలి. కాకపోతే ఆ పూట చేసే పని మారుతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. కోపంతో ఉడికిపోతూ కూర్చుని, శిబిరంలో ఏడో రోజు చేసినట్టు తల నుంచి పాదాల దాకా వేదనలు, అంటే ఒంట్లో తెలిసే అనుభూతులు, చూద్దామని మొదలెడతారు. రెండు నిమిషాల్లో వాటాల పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. "నాకు రావట్లేదు" అని లేచిపోతారు.

శిబిరం ఎలా కట్టి ఉంటుందో గుర్తుచేసుకోండి. పొద్దున నాలుగుకు గంట, రాత్రి తొమ్మిదిన్నరకు పడక. మాట లేదు, ఫోను లేదు, పుస్తకం లేదు, వంట లేదు. అంత చేసినా మొదటి మూడు రోజులూ ఆనాపానమే, అంటే ముక్కుపుటాల కింద, పైపెదవి మీద ఉన్న కాస్తంత చోట ఊపిరి తగలడాన్ని చూడడమే. వేదనలు చూడడం నేర్పేది నాలుగో రోజు. అంటే మనసు పదునెక్కడానికి అక్కడే మూడు రోజులు పట్టింది. ఇంట్లో మూడు నిమిషాల్లో కావాలంటే ఎలా? బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చినవాడు కాలవలో దూకితే మొదట ఒడ్డు పట్టుకునే ఆడాలి.

పనికొచ్చే కొలత ఇది. మామూలు రోజున గంటలో మొదటి పది నిమిషాలు ఊపిరి, తర్వాత వేదనలు. కలత రోజున సగం గంట ఊపిరి, అవసరమైతే గంటంతా ఊపిరే. మెత్తటి ఊపిరి దొరక్కపోతే కొద్దిసేపు కావాలని కాస్త గట్టిగా పీల్చండి, అది దొరికాక వదిలేయండి. కూర్చోవడమే సాధ్యం కానంత కలత ఉంటే వరండాలోనో మేడ మీదో ఇరవై అడుగుల దూరం ఎంచుకుని అటూ ఇటూ నడవండి, అరికాలు నేలకు తగిలేది చూస్తూ. విపశ్యన శిబిరంలో నడక ధ్యానాన్ని విడిగా నేర్పరు కాబట్టి దీన్ని సిట్టింగు కింద లెక్కేయకండి, సిట్టింగుకు ముందు వేసే మెట్టు అనుకోండి.

ఇంకో మాట. కోపం "పోవాలని" కూర్చుంటే కోపం ఉంటుంది, పైగా పోలేదన్న చిరాకు కూడా చేరుతుంది. కూర్చునేది కోపంగా ఉన్నప్పుడు ఊపిరి ఎలా ఉందో చూడడానికి. వేగంగా ఉందా, పైపైన ఉందా, వదిలేటప్పుడు ఆగి ఆగి వస్తోందా? ఆ పూటకు పాఠం అదే.

మోకాలిచిప్ప
మూడోది నాకు వదిలేయండి.

బాసింపట్టు వేసినప్పుడు కాలు తిరగాల్సింది తుంటి దగ్గర. తుంటి బిగుసుకుపోయిన మనిషి (రోజంతా కుర్చీలో ఉండేవాళ్లలో ఎక్కువమంది) బలవంతంగా మడిస్తే ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది, లోపలివైపు మృదులాస్థి నలుగుతుంది. నొప్పి ఎక్కడుందో చూసుకోండి. తొడలో, పిరుదులో, వీపులో లాగుతూ, లేచాక కొద్ది నిమిషాల్లో పోయేది కూర్చునే నొప్పి, దాన్ని చూడొచ్చు. మోకాలి లోపలి అంచున సూదితో పొడిచినట్టు ఉండి, లేచాక కూడా మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంటే, వాపు వస్తే, మోకాలు మధ్యలో పట్టేస్తే అది గాయం. గాయాన్ని సమతతో, అంటే తూగు తప్పకుండా, చూస్తే గాయం తగ్గదు, పెరుగుతుంది. కుర్చీకి మారండి, డాక్టరుకు చూపించండి.

తిమ్మిరి విషయం. కాలు మొద్దుబారేది రక్తం ఆగిపోయి కాదు, చాలావరకు నరం నొక్కుకుపోయి. మోకాలి కింద బయటివైపు ఒక ఎముక గుబ్బ తగులుతుంది, దాన్ని చుట్టుకుని ఒక నరం పోతుంది. గచ్చు నేల మీద పల్చటి చాప వేసుకుంటే ఆ గుబ్బ నేలకు ఒత్తుకుంటుంది. కింద రెండు మడతల బొంత వేయండి. ముఖ్యంగా, తిమ్మిరెక్కిన కాలితో వెంటనే లేచి నిలబడొద్దు. చేత్తో కాలు చాపుకుని, వేళ్లు ఆడించి, స్పర్శ పూర్తిగా వచ్చాక లేవండి. గ్రూప్ సిట్టింగుల తర్వాత మనుషులు పడేది ఇలాగే. పాదం పైకెత్తడం కష్టమవుతోందంటే మాత్రం ఆ భంగిమ మానేయాల్సిందే.

ఎత్తు: పిరుదుల కింద నాలుగు అంగుళాలతో మొదలెట్టండి. మోకాళ్లు తుంటి కన్నా కిందికి వచ్చేదాకా అంగుళం అంగుళం పెంచండి. తలదిండు పనికిరాదు, పది నిమిషాల్లో అణిగిపోతుంది. పాత దుప్పట్లు గట్టిగా మడత పెడితే నిలుస్తుంది. దిండు మధ్యలో కాకుండా ముందు అంచు మీద కూర్చోవాలి, అప్పుడు నడుము దానంతటదే నిలబడుతుంది. గాల్లో వేలాడే మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టండి. ఒక కాలి మీద ఇంకోటి వేయకుండా రెండు పిక్కలూ ఒకదాని ముందు ఒకటి నేలకు ఆనించేది చాలామందికి కుదురుతుంది. మడమల మీద కూర్చునే అలవాటున్నవాళ్లు చిన్న చెక్క పీటను మడమల మీదుగా వేసి దాని మీద కూర్చోవచ్చు.

కుర్చీ వేసుకునేవాళ్లకు: ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ కుర్చీ సీటు వెనక్కి వాలి ఉంటుంది. అందులో నడుము వంగి నిద్ర రావడం ఖాయం. సీటు వెనక భాగంలో తువ్వాలు మడిచి వేసి సమం చేయండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, అందకపోతే కింద ఇటుకో పీటో పెట్టుకోవాలి. కుర్చీలో చేసే ధ్యానం తక్కువ రకం ధ్యానం ఏమీ కాదు.

పాళీపిచ్చి
రెండో ప్రశ్నకు ముందు ఒక అడ్డంకి తీయాలి. తెలుగువాళ్లకు ఈ సాధనలో ఒక ఇబ్బంది ఉంది. పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీ, ఆ మాటలు మనకు ముందే తెలుసు, కానీ వేరే అర్థంలో తెలుసు.

వేదన. తెలుగులో అంటే బాధే. పాళీలో "వేదనా" అంటే తెలిసే ప్రతి స్పర్శానుభవమూ. సుఖం, దుఃఖం, రెండూ కానిది, ఇలా మూడు రకాలు. "వేదనలు చూడండి" అనగానే మనవాళ్లు నొప్పి ఎక్కడుందా అని వెతుకుతారు. చొక్కా భుజానికి తగలడం, ఫ్యాను గాలి, అరచేతిలో చెమట, ఇవీ వేదనలే. రోజులో ఎక్కువ భాగం మూడో రకమే, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

సంస్కారం. మనకు అది మంచి మర్యాద. పాళీలో "సంఖార" అంటే ఇక్కడి సందర్భంలో మనసు అలవాటుగా చేసే ఎదురుచర్య. నచ్చితే లాక్కోవడం, నచ్చకపోతే తోసేయడం, ఆ తోపులాట మిగిల్చే జాడ. "సంస్కారాలు పైకి వస్తున్నాయి" అని ప్రవచనంలో విన్నప్పుడు పెద్ద మనిషితనం పైకి వస్తోందని అర్థం చేసుకుంటే చిక్కే.

ఉపేక్ష. ఇది అన్నిటికన్నా ప్రమాదం. "నేరాన్ని ఉపేక్షించేది లేదు" అని రోజూ పేపర్లో చదువుతాం. మనకు ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం. పాళీ "ఉపేక్ఖా" దానికి దాదాపు తలకిందులు. బాగా దగ్గరగా చూడడం, చూస్తూ తూగు తప్పకపోవడం. అందుకే ఈ వేదికలో "సమత" అని రాస్తే మేలు.

ఈ మూడూ సరిచేసుకుంటే సగం ప్రశ్నలు వాటంతటవే పోతాయి. బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో రెండు బాణాల పోలిక ఉంది. ఒంటికి తగిలిన నొప్పి మొదటి బాణం, దాని మీద మనసు పడే ఏడుపు రెండోది. సాధన చేసినవాడికి మొదటిది తగలదని బుద్ధుడు చెప్పలేదు. మొదటిది అందరికీ తగులుతుంది. సాధన రెండోదానికి.

నిమ్మచెట్టు
అందంగా ఉంది. కానీ ఒక అనుమానం. "సర్దుకుపో" అని మన ఇళ్లలో ఆడవాళ్లకు తరతరాలుగా చెబుతున్నదానికి, "సమతతో చూడు" అనేదానికి తేడా ఏమిటి? అత్తగారు నలుగురిలో మాట అంటే గొంతులో వేదన చూసుకుంటూ కూర్చోవాలా? ఇది ఓర్పుకు పెట్టిన కొత్త పేరులా వినిపిస్తోంది.

పాళీపిచ్చి
న్యాయమైన అనుమానం. పాతవాళ్లకూ వచ్చింది. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే సాధన గ్రంథంలో నాలుగు గుణాలకూ చెరో ఇద్దరు శత్రువులను చెప్పాడు, దూరపు శత్రువు, దగ్గరి శత్రువు. దూరపు శత్రువు బయటికే శత్రువులా కనిపిస్తాడు. దగ్గరివాడు చుట్టంలా వేషం వేసుకొస్తాడు. మైత్రికి దూరపు శత్రువు ద్వేషం, దగ్గరిది మమకారం. కరుణకు దూరపుది క్రూరత్వం, దగ్గరిది తనూ కూలబడి ఏడవడం. ముదితకు, అంటే ఇతరుల మంచికి సంతోషించడానికి, దూరపుది అరతి, అంటే మంచిలో మనసు నిలవని విసుగు, దగ్గరిది మనవాళ్ల గెలుపుకే పొంగిపోవడం. సమతకు దూరపువి రాగద్వేషాలు. దగ్గరిది ఏమిటంటే తెలివిలేని ఉదాసీనత. మీరడిగింది దాని గురించే. "సర్దుకుపో" అనేది దగ్గరి శత్రువు.

తాబేలు
దానికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. మాట పడ్డాక "నేను సమతగా ఉన్నాను" అనిపించినప్పుడు మూడు చోట్ల చూడండి. దవడ బిగిసి ఉందా? పొట్ట గట్టిపడి ఊపిరి పైఛాతీలోనే ఆగుతోందా? ఆ మనిషి పేరు తలిస్తే ఏమీ తెలియనట్టు మొద్దుగా ఉందా? ఈ మూడింట్లో ఒకటున్నా అది అణచుకోవడమే. సమత ఉన్నచోట కోపం వేడి తెలుస్తుంది, చెవులు కాలుతున్నది తెలుస్తుంది, అయినా నోరు మన చెప్పుచేతల్లో ఉంటుంది.

రెండో తేడా, తర్వాత ఏం చేశాం అన్నది. అణచుకున్నవాళ్లు ఏమీ చేయరు, లేదా పది రోజుల తర్వాత పిల్లల మీద విరుచుకుపడతారు. సమతలో ఉన్నవాళ్లు ఆ సాయంత్రమే "నలుగురిలో అలా అనొద్దండీ, విషయం ఉంటే నాతో విడిగా మాట్లాడండి" అని మామూలు గొంతుతో చెప్పగలరు. చెప్పకూడదని ఏ ధ్యాన పద్ధతీ అనలేదు. ఇక ఇంట్లో చెయ్యి చేసుకోవడం దాకా వస్తే మొదట 181కి ఫోను, ధ్యానం సంగతి తర్వాత.

నిమ్మచెట్టు
దవడ పరీక్ష ఒప్పుకుంటాను.

వీణతంతి
రెండో ప్రశ్న, ఒకే మనిషి మీద నాలుగు రకాల భావాలు. దేన్ని పట్టుకోవాలి అన్న ప్రశ్నలోనే ఒక తొందర ఉంది. ఒకటి నిజం, మిగతావి అబద్ధం అని తేల్చేయాలన్న తొందర. తండ్రికి పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మంచంలో ఉంటే చూసుకునే కొడుకుకు ప్రేమ ఉంటుంది, విసుగు ఉంటుంది, "ఎప్పుడు విడుదల" అన్న ఆలోచన వస్తుంది, అది వచ్చినందుకు సిగ్గు ఉంటుంది. నాలుగూ నిజమే. దేన్నీ ఓడించక్కర్లేదు.

పద్ధతిలో చెప్పాలంటే భావాల పేర్ల జోలికి వెళ్లకుండా ఒంట్లో చోటు పట్టుకోవాలి. పేరుతో పోతే కథ మొదలవుతుంది. చోటుతో పోతే కథ ఆగుతుంది. ఒక ఫోను కాల్‌ను నెమ్మదిగా చూద్దాం. రాత్రి తొమ్మిదిన్నర, అన్నయ్య నుంచి ఫోను, ఊళ్లో ఇల్లు అమ్మకం గురించి.

తెర మీద పేరు కనబడగానే పొట్టలో ఒక పిండినట్టు. ఇదింకా మాట కూడా మొదలవకముందే. మూడు రింగులు పోనివ్వండి, ఆ మూడింట్లో రెండు ఊపిరులు పడతాయి. ఎత్తాక నిలబడి ఉంటే కూర్చోండి, అరికాళ్లు నేలకు ఆనించండి. "నువ్వు ఊళ్లో లేవు, నీకేం తెలుసు" అన్న మాట వస్తుంది. అది మెడ వెనక వేడిగా తగులుతుంది, నాలుక మీద జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు నాలుక మీద ఉండగానే దాన్ని ఒక వేదనగా చూడడం మొత్తం సాధనలో కష్టమైన అర సెకను. ఎక్కువసార్లు తప్పుతుంది, తప్పినా ఫర్వాలేదు, తర్వాతి వాక్యంలో పట్టుకోండి. అదే కాల్‌లో "తిన్నావా" అని అడుగుతాడు. ఛాతీలో ఏదో వదులవుతుంది. దీన్నీ చూడాలి! చాలామంది వేడిని చూస్తారు, వదులును చూడరు. తేలకపోతే "ఇప్పుడు ఒప్పుకోలేను, కాదనలేను, ఆదివారం పొద్దున మాట్లాడుకుందాం" అని ఆపండి. రోజు, పూట చెప్పి ఆపితే తప్పించుకున్నట్టు ఉండదు.

రాత్రి పడుకునే ముందు ఒక నోటుపుస్తకంలో మూడు వరుసలు: ఏం జరిగింది (ఐదారు మాటలు), ఒంట్లో ఎక్కడ తెలిసింది, మనసు ఏం చేయాలని ఉరికింది. అంతే. నాలుగో వరుస, "ఎవరిది తప్పు", రాయొద్దు. అది రాయడం మొదలెడితే వారంలో అది ఫిర్యాదుల పుస్తకం అవుతుంది, ఆపైన ఇంట్లోవాళ్ల చేతికి దొరుకుతుంది.

వారానికోసారి ఆ పేజీలను లోకధర్మాల పక్కన పెట్టి చూడండి. బుద్ధుడి బోధల ఇంకో సంకలనం అంగుత్తర నికాయం ఎనిమిది చెబుతుంది, నాలుగు జతలుగా: లాభం అలాభం, యశస్సు అపయశస్సు, నింద ప్రశంస, సుఖం దుఃఖం. ప్రతి ఘటన పక్కన ఏ గడిలోదో ఒక గీత పెట్టండి. గీతలన్నీ చేదు గడుల్లోనే పడతాయి. అలాభం, నింద, దుఃఖం. దాని అర్థం ఆ వారం తీపి జరగలేదని కాదు, తీపి వచ్చినప్పుడు మనం గమనించలేదని. ఫ్యామిలీ గ్రూపులో మన ఫొటోకు వరసగా దండాలు, హృదయాలు వస్తుంటే ఒంట్లో ఏమవుతుందో చూసినవాళ్లు అరుదు. మళ్లీ మళ్లీ ఫోను తీసి చూడాలనిపించే ఆ చేతివేళ్ల దురద కూడా వేదనే. పొగడ్తకు ఎంత ఎగిరితే తిట్టుకు అంత ఎత్తునుంచి పడతాం. పడేటప్పుడు నేర్చుకోవడం కష్టం, ఎగిరేటప్పుడు నేర్చుకోవడం తేలిక.

రాత్రిబండి
ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. ఇంకో రెండు. సాయంత్రం సిట్టింగ్ నిద్ర సిట్టింగ్ అయిపోతోంది, దానికేమిటి? శిబిరంలో ఎనిమిదో రోజు ఒళ్లంతా సన్నటి ప్రవాహంలా తెలిసిందే, ఇంట్లో రాయిలా ఉంటోంది. వెనక్కి పోయినట్టా?

పాళీపిచ్చి
నిద్ర గురించి బుద్ధుడు తన శిష్యుడు మొగ్గల్లానుడికి వరసగా ఏడు ఉపాయాలు చెప్పాడు, అంగుత్తర నికాయంలోనే. ఏ ఆలోచన మీద ఉంటే నిద్ర వచ్చిందో దాన్ని వదిలేయి. పోకపోతే విన్న ధర్మాన్ని తలపోయి. పోకపోతే పైకి వల్లెవేయి. పోకపోతే చెవి తమ్మెలు లాగి కాళ్లూ చేతులూ రుద్దుకో. పోకపోతే లేచి కళ్లు కడుక్కుని దిక్కులూ చుక్కలూ చూడు. పోకపోతే వెలుగును మనసులో నిలుపు. పోకపోతే అటూ ఇటూ నడువు. అన్నీ అయ్యాక కూడా పోకపోతే కుడివైపు తిరిగి పడుకో, లేచే వేళ అనుకుని పడుకో! చివరిది చాలామందికి నచ్చుతుంది కానీ దానికి ముందు ఏడు ఉన్నాయి.

మోకాలిచిప్ప
వాటికి ముందు ఇంకోటి: అన్నం తిన్నాక కూర్చోవద్దు. సాయంత్రం సిట్టింగ్ భోజనానికి ముందు పెట్టుకుంటే సగం సమస్య ఉండదు. ఆరు గంటల నిద్ర కూడా లేని మనిషికి వచ్చేది ధ్యానంలో నిద్ర కాదు, బాకీ ఉన్న నిద్ర.

తాబేలు
ప్రవాహం గురించి. ఈ దారిలో అన్నిటికన్నా పెద్ద గుంట ఇదే, నొప్పి కాదు. సన్నటి కదలిక హాయిగా ఉంటుంది. హాయి అనగానే మనసు "ఇదే కదా వెతికింది" అంటుంది. మర్నాడు మోకాలి దగ్గర మొద్దుగా, వీపులో బరువుగా ఉంటే "పోయింది" అంటుంది. అక్కడ మళ్లీ పాత తోపులాటే, చోటు మారింది, అంతే. పైగా ఇది ధ్యానం పేరుతో జరుగుతుంది కాబట్టి కనిపెట్టడం కష్టం.

కొలబద్ద ఏమిటంటే, ఏ వేదన వచ్చిందన్నది లెక్కలోకి రాదు, వచ్చినదాన్ని ఎలా చూశామన్నదే లెక్క. రాయిలా ఉన్న చోట చేయాల్సింది: బరువు అంచు ఎక్కడుందో చూడండి, ఎంత దూరం పరుచుకుందో, మధ్యలో ఎక్కువా అంచున ఎక్కువా. రెండు మూడు అంగుళాల ముక్కలుగా జరగండి. ఏమీ తెలియని చోట నిమిషం ఆగండి, అప్పటికీ తెలియకపోతే మొద్దుగా ఉందని తెలుసుకుని ముందుకు పోండి. నొప్పి ఉన్న చోటే గంటంతా కూర్చోవద్దు, హాయి ఉన్న చోటా అంతే. వరస తప్పకుండా తల నుంచి కాళ్లకు, కాళ్ల నుంచి తలకు. ఇంట్లో ఒక విడత పది నిమిషాలకు అటూ ఇటూగా పడితే సరిపోతుంది. రెండు నిమిషాల్లో అయిపోయిందంటే ఊహించుకుంటున్నట్టు.

కదలకుండా గంట కూర్చునే అధిష్ఠానం గురించి కూడా. శిబిరంలో అది పట్టుదల నేర్పడానికి. ఇంట్లో ప్రతిసారీ అక్కర్లేదు. అది ఒంటిని హింసించడానికి కాదు.

వీణతంతి
శోణుడి వీణ గుర్తొచ్చింది. కాళ్లు చిట్లి నెత్తురు కారేదాకా నడక సాధన చేసిన ఆ భిక్షువుకు బుద్ధుడు చెప్పిన మాట: తీగ మరీ బిగిసినా పలకదు, మరీ వదులైనా పలకదు. వీణ పట్టుకున్నవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. శ్రుతి ఒకసారి చేసి వదిలేసేది కాదు. వాతావరణం మారితే తీగ జారుతుంది, రోజూ బిరడా తిప్పాల్సిందే.

కొబ్బరిచెట్టు
ఇంట్లో రోజూ లలితా సహస్రనామం, గాయత్రి ఉంటాయి. శిబిరంలో అవి ఆపమన్నారు. ఇప్పుడు రెండూ చేయొచ్చా? గీత ఆరో అధ్యాయం కూడా మనసు ఎటుపోతే అటునుంచి వెనక్కి తెమ్మనే చెబుతుంది కదా.

తాబేలు
పది రోజులు ఆపమనేది ఆ పద్ధతిని కలపకుండా పరీక్షించడానికి. ఇంట్లో పూజ మానమని కాదు. కలపకూడనిది ఒకే సిట్టింగులో. ఊపిరితో మంత్రం జోడిస్తే మనసు త్వరగా నిలుస్తుంది, నిజమే, కానీ మంత్రపు లయ ఒంట్లోని సన్నటి వేదనలను కప్పేస్తుంది. పారాయణం పారాయణం వేళకు, ఇది దీని వేళకు. మధ్యలో ఐదు నిమిషాలు ఎడం ఉంచండి.

కొబ్బరిచెట్టు
కప్పేస్తుంది అన్నదాన్ని నేను ఒప్పుకోను. నామం లోతుకు పోయాక ఒంటి స్పృహే ఉండదు, అదీ ఒక గమ్యమే. అయినా వేళలు వేరు చేయడంలో అభ్యంతరం లేదు.

తాబేలు
గమ్యాలు వేరని మీరే అన్నారు. అందుకే వేళలూ వేరు.

సంచాలకులు
ఒక హెచ్చరిక, ఇది ఈ చర్చలో ఉండి తీరాలి. స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి జబ్బులు గతంలో ఉన్నా, ఇప్పుడు మందులు వాడుతున్నా శిబిరం దరఖాస్తులో దాచకండి. ధ్యానం మొదలెట్టామని మందులు సొంతంగా ఆపకండి. కూర్చున్నప్పుడు పాత భయంకర ఘటన కళ్ల ముందు మళ్లీ జరుగుతున్నట్టుంటే, ఒళ్లు మనది కానట్టుంటే కళ్లు తెరవండి, చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోండి, గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, ఆ పూటకు ఆపేయండి. అది "సంస్కారం పైకి రావడం" అని నచ్చజెప్పుకుని గంట పొడిగించకండి. నిద్ర రెండు మూడు రాత్రులు పూర్తిగా పోతే డాక్టరు దగ్గరికే. టెలి మానస్ 14416 ప్రభుత్వ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

మోకాలిచిప్ప
ఒంటరిగా నిలబెట్టుకోవడం కష్టం. హైదరాబాద్ నాగార్జునసాగర్ రోడ్డు మీది విపశ్యన కేంద్రం ధమ్మఖేత్త 1976 నాటిది, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ ఉంది, సాగర్‌లో ధమ్మనాగజ్జున ఉంది. పాత సాధకులకు ఒక రోజు శిబిరాలు పెడుతుంటారు, రుసుము ఉండదు. నెలకోసారి వెళ్లినా కూర్చునే తీరు సరిదిద్దుకోవచ్చు.

నిమ్మచెట్టు
చివరిగా ఒక సాదా ప్రశ్న. ఇంట్లో రెండేళ్ల పిల్ల, వేరే గది లేదు. పొద్దున ఐదింటికి లేస్తే తనూ లేస్తుంది. గంట అసాధ్యం. ఏం చేయాలి?

వీణతంతి
గంటను ముక్కలు చేయండి. పిల్ల పగలు పడుకునే వేళ ముప్పై నిమిషాలు, రాత్రి పడుకున్నాక ఇరవై ఐదు, పడక మీద నిద్రకు ముందు ఐదు. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి దూరంగా బోర్లా ఉంచండి, అలారం సన్నటి గంట శబ్దంతో. కూర్చున్నప్పుడు పిల్ల లేచి ఒళ్లోకి ఎక్కితే విదిలించకండి, "ష్" అనకండి. కళ్లు తెరిచి ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన వీపు మీ పొట్టకు ఆనిన చోట వెచ్చదనం చూస్తూ మిగిలిన నిమిషాలు గడపండి. తన ఊపిరి మీదానికన్నా వేగంగా ఉంటుంది, ఆ రెండూ కలవకుండా విడివిడిగా తెలుస్తాయి. తను మీ ముక్కు పట్టుకుని లాగితే ఇక ఆనాపానం అయిపోయినట్టే, లేచి పాలు కలపండి.

నిమ్మచెట్టు
ముక్కు కాదు, చెవి తమ్మెలు లాగుతుంది.

పాళీపిచ్చి
అది నాలుగో ఉపాయం. మొగ్గల్లానుడికి ఎవరూ అంత శ్రద్ధగా లాగి ఉండరు.